సత్రాలు నిలబెట్టిన దారి: ఫ్రాన్స్‌లో లె పుయి నుంచి కాంక్ దాకా

ఈ వారం వీడియోలో తీర్థయాత్రల గురించి మాట్లాడుకున్నాం కదా. దానికి తోడుగా ఇక్కడ మనది కాని ఒక యాత్రామార్గం గురించి చెబుతాను. మన కాశీ, మన శబరిమల ఉండగా చర్చిల దారి మనకెందుకు అని కొందరికి అనిపిస్తుంది. న్యాయమైన ప్రశ్నే. యాత్రికుడు ఎలా ఉండాలో మనకు పెద్దలు చాలా చెప్పారు. యాత్రని ఎవరు మోస్తారో మాత్రం నేను కళ్ళారా చూసింది ఆ దారిలోనే.

ముందు దారి సంగతి. ఏసుక్రీస్తు పన్నెండుమంది శిష్యుల్లో ఒకరైన యాకోబు సమాధి స్పెయిన్‌లోని సంతియాగోలో ఉందని క్యాథలిక్కుల నమ్మకం. వెయ్యేళ్ళకు పైగా జనం అక్కడికి నడుస్తున్నారు. ఫ్రాన్స్‌లోని లె పుయి బిషప్ గొదెస్కాల్క్ 950–51లో వెళ్ళాడు. స్పెయిన్ బయటి నుంచి వెళ్ళినవాళ్ళలో మనకు పేరు తెలిసిన తొలి యాత్రికుల్లో ఆయన ఒకడు. 12వ శతాబ్దపు లాటిన్ పుస్తకం ఒకటి ఫ్రాన్స్ గుండా వెళ్ళే నాలుగు దారులు చెబుతుంది. అందులో లె పుయి దారి ఒకటి. స్పెయిన్ సరిహద్దు చేరడానికే 700 కిలోమీటర్ల పైమాట. నాకున్న సెలవులకి మొదటి 200 కిలోమీటర్లు, అంటే పది మజిలీలు కుదిరాయి. అదేం తక్కువతనం కాదు. ఫ్రెంచివాళ్ళు చాలామంది ఏడాదికో వారం నడిచి, మరుసటి ఏడు ఆగిన చోటు నుంచి మళ్ళీ అందుకుంటారు.

లె పుయి అగ్నిపర్వతాలు మిగిల్చిన ఊరు. సూదిలా లేచిన ఒక రాతి శిఖరం మీద 10వ శతాబ్దంలో మొదలుపెట్టి కట్టిన చిన్న గుడి ఉంది. 268 మెట్లు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కినవాళ్ళకి లెక్కలోది కాదనుకోండి, కానీ నిటారుగా ఉంటుంది. పెద్ద చర్చిలో పొద్దున్నే ఏడింటికి యాత్రికుల కోసం పూజ, తర్వాత ఆశీర్వాదం. అది అయ్యాక చర్చి నడిమధ్య నేలలోని ద్వారం తెరుస్తారు. గర్భంలోంచి బయటికొచ్చినట్టు మెట్లు దిగి నేరుగా వీధిలోకి, అక్కడి నుంచి దారిలోకి వెళ్ళిపోతాం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పూజలో ఇచ్చే రొట్టె మన ప్రసాదం లాంటిది కాదు. క్యాథలిక్కులకు అది క్రీస్తు శరీరమే, వాళ్ళ సమాజంలో సభ్యులే తీసుకుంటారు. నేను తీసుకోలేదు, బెంచీలోనే కూర్చున్నాను. "అన్నీ ఒకటే కదా" అని చెయ్యి చాపడం నాకు గౌరవంగా అనిపించదు. ఆశీర్వాదం అందరికీ ఇస్తారు. దానికి లేచి నిలబడ్డాను.

అక్కడే ఇంకో ఆచారం ఉంది. నడవలేనివాళ్ళు తమ మొక్కుని చీటీ మీద రాసి పెట్టి వెళ్తారు, నడిచేవాళ్ళు ఒకటి తీసుకుని మోసుకెళ్తారు. నాకు వచ్చిన చీటీలో ఎవరో తల్లి తన కూతురి ఆరోగ్యం కోసం నాలుగు వాక్యాలు రాసుకుంది. నేను హిందువునని ఆమెకు తెలియదు. మొదటి రెండు రోజులు నిజంగా ఇబ్బందిపడ్డాను: ఈమె మొక్కు నేను ఎవరికి చెప్పాలి? మూడోరోజు నుంచి నడుస్తూ విష్ణు సహస్రనామం చదువుకునేటప్పుడు ఆ పిల్లని తలుచుకున్నాను. నాకు చేతనైన ప్రార్థన అదే. అది తప్పా ఒప్పా అని మీరు వాదించుకోవచ్చు. చీటీని మాత్రం జాగ్రత్తగా కాంక్ చర్చికి చేర్చాను.

దారంతా చెట్ల మీద, రాళ్ళ మీద తెలుపు ఎరుపు గీతలు. అవి అడ్డంగా ఉంటే సరైన దారి, ఇంటూ గుర్తులా ఉంటే కాదు. ఫోన్ తీయక్కర్లేదు. ఈ గీతల్ని గీసేది, ఏటా మళ్ళీ రంగు వేసేది నడకసంఘాల వాలంటీర్లు. ఇదెందుకు చెబుతున్నానంటే, ఈ దారి మధ్యలో దాదాపు ఆగిపోయింది. ఫ్రెంచ్ విప్లవం మఠాల్ని మూయించింది. యాత్రికులు చాలా పలచబడ్డారు. 1970లలో జీఆర్ 65 అనే పేరుతో మళ్ళీ గుర్తులు పెట్టి నడక మొదలుపెట్టింది ప్రధానంగా నడక మీద ఇష్టం ఉన్నవాళ్ళు. 1998లో యునెస్కో జాబితాలోకీ చేరింది. ఈరోజు నడిచేవాళ్ళలో చర్చికి వెళ్ళనివాళ్ళూ బోలెడంతమంది ఉన్నారు.

ఐదారు రోజులకి ఓబ్రాక్ పీఠభూమి వస్తుంది. సుమారు 1,300 మీటర్ల ఎత్తు, చెట్లు తక్కువ, కనుచూపు మేర పచ్చిక, రాతిగోడలు, గోధుమరంగు ఆవులు. మంచు పడితే పది అడుగుల ముందు ఏముందో కనపడదు. 1120 ప్రాంతంలో అదలార్ అనే ఫ్లాండర్స్ ప్రభువు ఇక్కడ యాత్రికుల కోసం ఒక సత్రం కట్టించాడు. అక్కడి సన్యాసుల పనుల్లో ఒకటి, మంచు కమ్మినప్పుడు గంట కొడుతూ ఉండటం. తప్పిపోయినవాళ్ళ గంట అనే దాని పేరు. రాత్రంతా ఒకడు మేలుకుని, ఎవరు వస్తున్నారో, అసలు ఎవరైనా వస్తున్నారో లేదో తెలియకుండా గంట కొట్టాలి. విప్లవంతో ఆ సన్యాసులు పోయారు. చర్చి, దాని గోపురం మిగిలాయి. అక్కడ నిలబడి నేను చాలాసేపు ఆలోచించింది నడిచినవాళ్ళ గురించి కాదు.

బెనెడిక్ట్ సన్యాసుల నియమావళిలో అతిథిని క్రీస్తుగానే భావించి చేర్చుకోమని ఒక అధ్యాయమే ఉంది. అతిథి గురించి మన తైత్తిరీయ ఉపనిషత్తు శిక్షావల్లిలో ఏముందో మీకు తెలుసు, మళ్ళీ చెప్పను. తేడా ఏంటంటే అక్కడ అది ఇప్పటికీ రోజువారీ పనిగా జరుగుతోంది. కొన్ని బసల్లో ధర ఉండదు, గుమ్మం దగ్గర డబ్బా ఉంటుంది. ఉన్నవాళ్ళు ఎక్కువ వేస్తారు, లేనివాళ్ళు తక్కువ. నడపడానికి పాత యాత్రికులే వారమో రెండు వారాలో సెలవు పెట్టుకుని వస్తారు: పక్కలు మార్చడం, అందరికీ వండటం, పొక్కులెక్కిన కాళ్ళకి మందు చూడటం. 1830–31లో కాశీకి వెళ్ళిన ఏనుగుల వీరాస్వామి ఏ మజిలీలో బస ఎలా ఉందో, ఏ సరుకు దొరుకుతుందో వరసగా రాసిపెట్టారు. ఇప్పుడు మన పాదయాత్రల్లో అన్నదానం శిబిరాలు పెట్టేవాళ్ళు ఉన్నారు, కానీ మన వీడియోల్లో ఎప్పుడూ నడిచేవాళ్ళే కనిపిస్తారు. నా వీడియోలతో సహా.

కాంక్ లోయలో దాక్కున్న ఊరు. సెయింట్ ఫోయ్ అనే బాలిక క్రైస్తవం వదలనందుకు ప్రాణాలిచ్చిందని కథ. ఆమె అవశేషాల్ని 9వ శతాబ్దంలో ఒక సన్యాసి అజాన్ పట్టణం నుంచి ఎత్తుకొచ్చాడు. అవును, దొంగతనమే, వాళ్ళే దాచకుండా చెబుతారు. ఆ అవశేషాలు పెట్టిన బంగారు విగ్రహం ఇప్పటికీ అక్కడ ఉంది. 11వ శతాబ్దం మొదట్లో బెర్నార్ అనే పండితుడు దాన్ని చూసి, పాతకాలం రోమన్ దేవతల విగ్రహంలా ఉందే అని స్నేహితుడితో కలిసి ఎగతాళి చేశాడు. తర్వాత పశ్చాత్తాపపడి ఆమె మహిమల మీద పుస్తకమే రాశాడు. విగ్రహాన్ని దేవుడిగా కొలవడం లేదు, పుణ్యాత్మురాలి స్మృతిని గౌరవిస్తున్నాం అని అతని సమర్థన. మన ఆగమాల్లో అర్చామూర్తి అంటే స్మృతి కాదు, సాక్షాత్తు స్వామే. దగ్గరగా కనిపించే రెండు విషయాలు ఎక్కడ విడిపోతాయో ఇక్కడ బాగా తెలుస్తుంది.

విప్లవం రోజుల్లో ప్రభుత్వం చర్చి బంగారాన్ని కరిగిస్తుంటే, కాంక్ ఊరివాళ్ళు ఆ నిధిని తమ ఇళ్ళల్లో దాచేసి, గొడవ సద్దుమణిగాక తిరిగిచ్చారు. వాళ్ళెవరూ సంతియాగోకి నడిచినవాళ్ళని కాదు, ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా బసలు తెరిచి ఉంటాయి. శాకాహారం అని ముందురోజే ఫోన్ చేసి చెప్పండి, ఆకుపచ్చ లె పుయి పప్పు హాయిగా దొరుకుతుంది. ఓబ్రాక్‌లో బంగాళాదుంప, చీజ్ కలిపి సాగదీసే అలిగో అనే వంటకం అందరూ పెడతారు. ఫ్రాన్స్ సంప్రదాయ చీజ్‌లు చాలావరకు దూడ పొట్ట నుంచి తీసే పదార్థంతో తోడుపెడతారు, పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తినండి. బసల్లో వాలంటీరుగా పనిచేయాలంటే ముందు మీరు కొంత దారి నడిచి ఉండాలని చాలాచోట్ల అడుగుతారు, ఫ్రెంచ్ కూడా కొంచెం రావాలి. నేను ఫ్రెంచ్ క్లాసులో చేరాను.