తోడి గాంధారం, ఖాళీ తీగ

విజయనగరం

చిట్టితల్లికి,

నువ్వు పంపిన వాయిస్ మెసేజి మీ నాయనమ్మ ఫోన్లో మూడుసార్లు విన్నాను. అందులోనే బదులు చెప్పమంది తను. నాకు చేతకాదు. వేలు జారితే సగం మాట ఎగిరిపోతుంది. అందుకే కాగితం తీశాను. దీన్ని ఫొటో తీసి పంపే పని నాయనమ్మది.

మీ నలుగురూ, అంటే రెండు ఫిడేళ్లూ ఒక వియోలా ఒక చెల్లో, ఉగాదికి అక్కడి తెలుగువాళ్ల సభలో వాయించబోతున్నారన్న కబురుకి సంతోషం. ఆ ఊళ్లో ఉన్న వీణ విద్వాంసురాల్ని అతిథిగా పిలుస్తున్నారని విని ఇంకా సంతోషం. ‘ఆవిడ మాకు సరిపోయేట్టు ఏ రాగం వాయిస్తే బావుంటుంది తాతయ్యా?’ అని అడిగావు. రాగం సంగతి తర్వాత చూద్దాం. ‘మాకు సరిపోయేట్టు’ అన్నావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. ముప్పై ఏళ్ల కిందట ఒక పెద్ద వేడుకలో నన్నూ అలాగే అతిథిగా పిలిచారు. కీబోర్డు, గిటారు, డ్రమ్ములు, మధ్యలో నా ఫిడేలు. తోడి రాగం వాయించమన్నారు. మొదలుపెట్టాను. కీబోర్డు అబ్బాయి నా గాంధారం కింద నాలుగు స్వరాలు కలిపి గట్టిగా నొక్కి ఉంచాడు. తోడిలో గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు, ఊగాలి. ఊగితేనే అది గాంధారం. పైన నాది ఊగుతుంటే కింద అతనిది మేకు కొట్టినట్టు నిలబడింది. రిహార్సల్ ఆపి, ‘మాస్టారూ, ఆ నోటు కదలకుండా పట్టుకుంటారా, మాకు కలవడం లేదు’ అన్నారు. మర్యాదగానే అన్నారు. నేనూ మర్యాదగానే పట్టుకున్నాను. ఆ రోజు సభలో నేను ఏం వాయించానో నాకే తెలియదు. తోడి అయితే కాదు. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఇంటికొచ్చాక మీ నాయనమ్మ ‘కూరలో కరివేపాకు చేశారా?’ అంది. చూడకుండానే ఆవిడకెలా తెలిసిందో!

అందుకే నీకు వేరేవాళ్ల సంగతి చెప్పాలనిపించింది. మీ నాన్న ఎప్పుడో తెచ్చిచ్చిన సీడీలతో నాకు క్రోనాస్ క్వార్టెట్ పరిచయం. మీలాగే నలుగురు. 1973లో సియాటిల్‌లో డేవిడ్ హారింగ్టన్ అనే ఫిడేలు కుర్రాడు రేడియోలో జార్జ్ క్రంబ్ రాసిన ‘బ్లాక్ ఏంజెల్స్’ విని, ఇలాంటివి వాయించడానికే ఒక బృందం కావాలనుకున్నాడు. వియత్నాం యుద్ధం రోజుల్లో పుట్టిన రచన అది. ఫిడేళ్లకి కరెంటు పెట్టి అరిపిస్తారు, నీళ్లు పోసిన గాజు గ్లాసుల మీద కమాను లాగుతారు, మధ్యమధ్య రకరకాల భాషల్లో అంకెలు లెక్కపెడతారు. మొదటిసారి విన్నప్పుడు సీడీ చెడిపోయిందనుకున్నాను. వాళ్ల తొలి రచనకి స్వరకర్తకి ఇచ్చిన పారితోషికం ఒక సంచీడు డోనట్లట. అలా మొదలుపెట్టినవాళ్లు ఈ యాభై ఏళ్లలో వెయ్యికి పైగా కొత్త రచనలూ కూర్పులూ రాయించుకున్నారు.

అన్నీ నాకు నచ్చాయని కాదు. జిమీ హెండ్రిక్స్ గిటారు పాటని నాలుగు తీగవాయిద్యాల మీద వాయించినది కుర్రతనపు సరదా అనిపించింది. నాకు వాళ్ల మీద గౌరవం కుదిరింది అతిథుల దగ్గర.

2005లో వాళ్లు ఆశా భోస్లే గారితో ఒక ఆల్బమ్ చేశారు, ‘యూవ్ స్టోలెన్ మై హార్ట్’ అని. అన్నీ ఆర్.డి. బర్మన్ కట్టిన పాటలే, ఎక్కువగా హిందీ సినిమాలవి. ఆవిడకి అప్పటికి డెబ్భై దాటింది. ఒకప్పుడు తను పాడినవే మళ్లీ పాడింది. ఇలాంటి చోట మామూలుగా ఏం చేస్తారు? పాటని నాలుగు తీగల నోట్లోకి కుక్కి, పైన ఆవిడ గొంతు అతికిస్తారు. వీళ్లు అలా చెయ్యలేదు. బర్మన్ వాద్యబృందంలో ఏ మూల ఏ చప్పుడు ఉందో పట్టుకుని, ఒక్కొక్కటీ తమ చేతుల్తో మళ్లీ కట్టారు. ఒకే మనిషి ఒక పొర వాయించి దానిమీద ఇంకో పొర వాయించాడు. కీబోర్డులు, గంటలు కూడా వాళ్లే. తబలాకి జాకీర్ హుస్సేన్, చైనా వాళ్ల పీపా అనే తీగవాయిద్యానికి వూ మాన్. అసలు పాటల్లో ఉన్న ఇత్తడి బూరల జోరు నాకు అక్కడక్కడ వెలితిగానే ఉంది, అబద్ధం ఎందుకు? కానీ విను, ఆవిడ ఎక్కడా ఇబ్బంది పడదు. గొంతు తన ఇంట్లో తిరిగినట్టు తిరుగుతుంది. చోటు మారినది ఆవిడ కాదు, వాళ్లు.

హోమాయూన్ సఖీ సంగతి ఇంకా బావుంటుంది. కాబూల్‌లో పుట్టిన రబాబ్ విద్వాంసుడు. దేశం అల్లకల్లోలమై కుటుంబం పెషావర్ చేరింది, తర్వాత కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్. మన తెలుగువాళ్లు బోలెడంతమంది ఉన్న ఊరే, మీ పెదనాన్న వాళ్లు ఉండే చోటు. రబాబ్ అంటే తోలు కప్పిన ముఖం మీద తీగలు మీటే వాయిద్యం, గుర్రం డెక్కల్లా టకటకమంటుంది. ఆయన ‘రంగీన్ కమాన్’ అని ఒక పెద్ద రచన చేశాడు. రంగుల విల్లు, అంటే మన హరివిల్లే. ఆయనది గురువు దగ్గర చెవితో నేర్చిన విద్య. క్రోనాస్ వాళ్లది కాగితం మీది విద్య. మరి నడిమి దారి ఎవరు వెయ్యాలి? ఆయన్ని కూర్చోబెట్టి నొటేషన్ నేర్పించలేదు. స్టీఫెన్ ప్రుట్స్‌మన్ అనే ఆయన ఆ సంగీతాన్ని నలుగురి కోసం కాగితం మీదకి తెచ్చాడు. కష్టం చదువుకున్నవాళ్ల వంతు అయింది. నన్ను కరివేపాకు చేసిన సభలో ఇది తలకిందులుగా జరిగింది.

వూ మాన్‌తో వాళ్లు వాయించిన టాన్ డున్ రచన ‘ఘోస్ట్ ఆపెరా’ వీలైతే వీడియో చూడు. నీళ్లు, రాళ్లు, కాగితం అన్నీ వాయిద్యాలే. ఒకచోట బాఖ్, ఒకచోట చైనా జానపదం. మాలి దేశపు ట్రియో దా కాలీతో చేసిన ‘లాదిలికాన్’ కూడా విను. తరతరాలుగా వంశకథలు పాడే గ్రియో కుటుంబాల వాళ్లు ఆ ముగ్గురూ. వాళ్లలో హవా అనే ఆవిడ గొంతు వింటే మన బుర్రకథ వాళ్లు కూడా ఒక్క క్షణం ఆగుతారు.

అసలు అతిథి మారకూడదని నేను అనడం లేదు. మన ఫిడేలే పెద్ద సాక్ష్యం కదా! రెండు వందల ఏళ్ల కిందట మద్రాసులో బాలుస్వామి దీక్షితులు వారు దొరల దగ్గర నేర్చి, దాన్ని మన కచేరీలోకి తెచ్చారు. వచ్చిన వాయిద్యం ఇల్లరికపు అల్లుడిలా అన్నీ మార్చుకుంది. గెడ్డం కింద ఉండేది, గుండెకీ కాలి చీలమండకీ మధ్య ఒరిగింది. నిలబడి వాయించేవాళ్ల చేతిలోంచి చాప మీదకి దిగింది. తీగలు స-ప-స-పలకి కట్టుబడ్డాయి. ఇక్కడ మన ఊళ్లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు, ఊరంతా ఫిడేలు నాయుడుగారనేవారు, దాన్ని పక్కవాద్యం పీట మీంచి లేపి ఒంటరిగా కచేరీ చేయించారు. 1919లో మహారాజా సంగీత కళాశాలలో చేరేసరికి ఆయన వయసు ఇరవై ఆరు. నేను ఆ కళాశాల మెట్లెక్కేనాటికి ఆయన లేరు. కానీ మా మాస్టార్ల కమానులో ఆయన వినపడేవారు.

అయితే ఫిడేలు కర్ర, తల్లీ. దానికి అభిమానం ఉండదు. అరవై ఏళ్లు ఒక బాణీని పట్టుకుని బతికిన మనిషిని ‘కొంచెం అటు జరగండి’ అనడం వేరు.

ఇక మీ వీణ సంగతి. ఆవిడ దగ్గర ఉన్నది బొబ్బిలి వీణ అన్నావు. మన పక్క ఊరిదే. ఒకే పనస మాను తొలిచి చేస్తారు. ఏడు తీగలు, ఇరవై నాలుగు మెట్లు. నాలుగు వాయించే తీగలు, పక్కన మూడు తాళం తీగలు. చాలా చిన్న గొంతు దానిది. మీటగానే నాదం పుట్టి, వెంటనే సన్నబడుతూ పోతుంది. మీ కమానుల నాదం లాగుతున్నంతసేపూ అదే నిండుదనంతో ఉంటుంది. నలుగురూ కలిసి మామూలుగా వాయిస్తేనే ఆవిడ మునిగిపోతుంది. మైకు పెడతాంలే అంటారు. మైకు శబ్దాన్ని పెంచుతుంది గానీ తీగ లాగినప్పుడు వచ్చే ఆ సన్నటి జారుడుని కాపాడదు. ఆవిడ వాయించేచోట మీరు కమానులు పక్కన పెట్టి వేళ్లతో మీటండి, లేదా చెల్లో ఒక్కటే తంబురాలా స-ప పట్టుకోనీ. ఆవిడ స్వరం ఊగుతున్నచోట కింద కదలని స్వరాల గుంపు మాత్రం నిలబెట్టకండి. నా గాంధారం గుర్తుంచుకో.

ఇంకొకటి. వీణ సాధారణంగా మూడు శ్రుతి దగ్గర ఉంటుంది, మీ లెక్కలో ‘ఈ’. అప్పుడు మీ ఫిడేలు ఖాళీ తీగలు ఎక్కడ పడతాయో చూడు. ‘ఈ’ తీగ షడ్జమం, ‘ఏ’ తీగ మధ్యమం, ‘డి’ తీగ కైశికి నిషాదం, ‘జి’ తీగ సాధారణ గాంధారం. అంటే ఆవిడ తోడి వాయిస్తే గాంధారం సరిగ్గా మీ ఖాళీ తీగ మీద పడుతుంది. ఖాళీ తీగని ఊపడం ఎవరి తరం? దాన్ని వదిలేసి కింది తీగ మీద వేలుతో పట్టుకోవాలి, అదీ వియోలాకీ చెల్లోకీ. ఫిడేలుకి ‘జి’ కింద తీగే లేదు గనక మీ ఇద్దరూ పై స్థాయిలో వెతుక్కోవాలి. లేదా తీగలు దించుకోవాలి. దించుకుంటే మీ వేళ్లు ఏళ్ల తరబడి నేర్చుకున్న చోట్లన్నీ తప్పుతాయి. ఒక నెల చిరాకు పడతారు. పడండి. ఆవిడ శ్రుతి మార్చమని మాత్రం అడగొద్దు. ఆ వయసులో శ్రుతి అంటే గొంతూ, చెయ్యీ, అలవాటూ అన్నీ.

మొదటి రిహార్సల్ మీ కాలేజీలో పెట్టకు. ఆవిడ ఇంట్లో పెట్టు, కింద చాప మీద కూర్చోండి. ఏం వాయించాలో మీరు చెప్పకండి, ఏం వాయించాలని ఉందో అడగండి. మొదటి రోజు వాయిద్యాల పెట్టెలు తెరవకపోయినా పర్వాలేదు. మీ చెల్లో అబ్బాయి తెలుగువాడు కాడన్నావు. అతన్ని తాళం వేయడం నేర్పించమని ఆవిడనే అడగమను, చేత్తో. పారితోషికం నలుగురికీ ఎంతో ఆవిడకీ అంత. పోస్టర్ మీద పేరు ‘విత్’ అని కింద చిన్న అక్షరాల్లో వెయ్యొద్దు. నా పేరు ఆ రోజు అలాగే వేశారు, స్పెల్లింగు కూడా తప్పు.

వీలైతే క్రోనాస్ వాళ్లు కుర్ర బృందాల కోసం రాయించిన ‘ఫిఫ్టీ ఫర్ ది ఫ్యూచర్’ తెరిచి చూడండి. యాభై రచనలు, కాగితాలన్నీ ఉచితంగా దించుకోవచ్చు. అందులో జాకీర్ హుస్సేన్ రాసినదానికి ‘పల్లవి’ అని పేరు. తబలా మనిషి నాలుగు తీగవాయిద్యాల కోసం రాస్తే, రీనా ఇస్మాయిల్ అనే స్వరకర్త దాన్ని కాగితం మీద పేర్చింది. 2024 డిసెంబరులో ఆయన పోయినప్పుడు నేను ఆశా గారి సీడీ మళ్లీ పెట్టుకున్నాను. మీ వీణ విద్వాంసురాలికి ముందుగా ఆ ‘పల్లవి’ వాయించి వినిపించండి. మీకు మన లెక్క ఎంత అర్థమైందో ఆవిడకే తెలుస్తుంది. నవ్వితే నవ్వనివ్వండి.

ఇక్కడ అంతా క్షేమం. నా ఎడమ చెయ్యి చూపుడువేలు ఇంకా పొద్దున్నే బిగుస్తోంది, వేడినీళ్లలో పెడితే వదులుతోంది. సాయంత్రం ఇద్దరు పిల్లలు వస్తున్నారు, సరళీస్వరాల దగ్గర ఉన్నారు. ఒకడు కమాను కత్తిలా పట్టుకుంటున్నాడు.

రాగం ఏదో నేను చెప్పను. ముందు ఆవిడ శ్రుతి ఎంతో కనుక్కుని రాయి.

ఇట్లు
మీ తాతయ్య