కమిటీలోకి వచ్చే కుర్రాళ్లకు ఐదు మాటలు

సింగరేణిలో రిటైరయ్యాక గోదావరిఖనిలోనే ఉండిపోయి, చర్చి కమిటీలో చాలా ఏళ్లు పనిచేశాను. మార్పులకు తొందరపడే పిల్లలకు నంద్యాల సంగతి చెబుతుంటాను.

1. వద్దన్న ప్రతివాడూ మొండివాడు కాదు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) అయ్యారు. నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాలు చాలామటుకు మేం రామన్నాయి.

2. ఎందుకు వద్దంటున్నాడో అతని నోటనే వినాలి. బిషప్ చేతులుంచి అభిషేకించని అయ్యగారు ప్రభు భోజనం ఇస్తే చెల్లుతుందా, అపొస్తలుల నుంచి వస్తున్న వరస తెగదా అన్నది వాళ్ల బాధ. కొత్త సంఘం అప్పటికే ఉన్న అయ్యగార్లందరినీ ఉన్నట్టే ఒప్పుకుంది, ఇకమీదట మాత్రం బిషప్ అభిషేకం తప్పనిసరి అంది. ఈ ఏర్పాటు కూడదంటూ ఇంగ్లండులో కవి టి.ఎస్. ఎలియట్ 1943లోనే చిన్న పుస్తకం రాశారు.

3. పెద్దమనిషి పేరు చెప్పి నోరు మూయించలేం. మన బొగ్గుకు పుట్టిల్లు ఇల్లెందు, దాని పక్కనే దోర్నకల్. అక్కడి అజరయ్య గారు 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. 1919 నుంచి 1945లో కన్నుమూసేదాకా సంఘాల ఐక్యత కోసం పాటుపడ్డారు. నంద్యాల ఆయన డయోసిస్‌లోదే. అయినా కలవలేదు.

4. కొత్త ఆసరా నిలబెట్టకుండా పాత దుంగ పీకితే బాయిలో పైకప్పు మీద పడుద్ది. మా దగ్గర ప్రభు భోజనంలో ఒకే గిన్నెలో తాగే అలవాటున్న ముసలివాళ్లు ఉండేవాళ్లు, చిన్న గ్లాసులు కావాలనే కుర్రాళ్లూ ఉండేవాళ్లు. బల్ల మీద రెండూ పెట్టాం, ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకున్నారు. ఇష్టంలేని ఆరాధన పద్ధతిని ఏ సంఘం మీదా రుద్దబోమని 1947లో పెద్దలు ఇచ్చిన మాట కూడా అదే.

5. ఓటుతో తెగనిది కాలంతో తెగుద్ది. నంద్యాల 1975లో సీఎస్‌ఐలో కలిసింది. ఆ ఇరవై ఎనిమిదేళ్లలో సీఎస్‌ఐ కొత్తగా అభిషేకించిన అయ్యగార్లంతా బిషప్ చేతి అభిషేకం పొందినవాళ్లే కాబట్టి, పాత అభ్యంతరానికి పదును తగ్గింది. అందుకే తీర్మానం నెగ్గిందని సంబరపడి ఊరుకోకండి. చెయ్యెత్తనివాళ్ల ఇళ్లకు ఆ వారంలోనే వెళ్లి, ఆదివారం ఆరాధనకు రమ్మని పిలవండి.