హెసియోడ్ కృషికావ్యము: కార్తెలు, కూలి, ధర్మము

క్రీ.పూ. 700 ప్రాంతమున గ్రీసు దేశపు బియోషియా మండలములో, హెలికాన్ పర్వతపాదమునందలి అస్క్రా గ్రామమున నివసించిన హెసియోడ్ రచించిన 'కర్మలు - దినములు' 828 పంక్తుల ప్రబోధకావ్యము. తండ్రి యాస్తి పంపకములో సోదరుడు పెర్సీస్ తీర్పరులగు దొరలకు లంచమిచ్చి అధికభాగము కాజేసెనన్నది దీనికి నిమిత్తము. వ్యాజ్యముతో మొదలై దుక్కికి, నాగలికి, కోతకు మరలుటచే కొందరు విమర్శకులు దీనిని అతుకులబొంతగా భావించిరి. ఈ యభిప్రాయము నిలువదు. ఏడాది గింజలు గాదెలో లేనివానికి కచేరీచుట్టు తిరుగు తీరిక తగదని కవి ఆదిలోనే హెచ్చరించినాడు. అన్యాయార్జనకు బదులు సేద్యమే గనుక, సేద్యవిధి ధర్మబోధలో రెండవ సగము.

కాలనిర్ణయ భాగము తెలుగు పాఠకునకు మిక్కిలి పరిచితముగ తోచును. కృత్తికలు వేకువను ఉదయించినపుడు కోత, వేకువను అస్తమించినపుడు దుక్కి. కోతకు ముందు నలువది దినములు అవి కానరావు. మన కార్తెలును నక్షత్రములను బట్టియే నడచును. అయినను పద్ధతి వేరు. సూర్యుడు కృత్తికయందుండు దినములు కృత్తిక కార్తె. మే రెండవ వారమున మొదలగు ఆ రోజులలో ఆ చుక్కలు సూర్యకాంతిలో మరుగుపడియుండును. గ్రీకు రైతు కనబడిన చుక్కను నమ్మెను. తెలుగు రైతు కనబడని చుక్కను పంచాంగమున లెక్కించెను. అచటి దుక్కికి శరత్తు చివరి వానలు, ఇచట మృగశిర నాటి తొలకరి.

తన కాలపు మానవులను హెసియోడ్ ఐదవదగు ఇనుపజాతి యన్నాడు. ఎడతెగని శ్రమ దాని లక్షణము. ఆ మాటకు భిలాయిలో వేరొక ధ్వని కలదు. దుర్గ్ ప్రాంతపు వరిపొలముల నడుమ సోవియట్ సహకారముతో నిర్మింపబడిన ఉక్కు కర్మాగారమున 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమయ్యెను. తెలుగునాటినుండి వచ్చి అచట స్థిరపడిన కుటుంబములు పెక్కు. పంచాంగమున కార్తెలు నేటికిని అచ్చగుచున్నవి; కొలిమి మాత్రము షిఫ్టులనే యెరుగును.

ఇచటనే హెసియోడ్ ధర్మమునకు ఎల్ల గోచరించును. అతని శ్రోత సొంతపొలము గల రైతు. పంట ఇల్లు చేరిన పిదప కూలివానిని గూర్చిన పంక్తిని కొందరు 'వెడలగొట్టుము' అనియు, మరికొందరు 'ఇల్లులేనివానిని చూచి కుదుర్చుకొనుము' అనియు అన్వయించిరి. ఏ యన్వయము గ్రహించినను, మిత్రునకు మాటయిచ్చిన కూలిని తప్పక చెల్లింపవలయునన్న యొక్క పంక్తి తప్ప, కూలివాని పక్షమున వాదము కావ్యమున లేదు. భిలాయి కొలుములకు దశాబ్దములుగా ఖనిజమును సమకూర్చిన దల్లీ రాజహరా గనులలో 1977లో కాంట్రాక్టు కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వమున సంఘముగ నేర్పడినపుడు, ఒకే గనిలో త్రవ్వు స్థిరోద్యోగికిని కాంట్రాక్టు కూలికిని భేదమేల యన్నదే వారి వ్యాజ్యము.