కొండతో చెలిమి

తూర్పు కనుమలలో భాగమైన శేషాచలం తిరుపతి వాసులకు నిత్యమూ కనిపించే కొండ. నిత్యమూ కనిపించేది బాగా తెలిసినదేనని మనిషి భ్రమపడతాడు. ఉద్యోగ విరమణానంతరం చేతికర్రతో కొండదారి పట్టిన పెద్దలలో ఎందరికో ఈ భ్రమ తొలగిపోతుంది.

యౌవనంలో కొండ ఎక్కడమంటే పైకి చేరడమే. అలిపిరి నుండి తిరుమలకు సుమారు 9 కిలోమీటర్ల దూరాన్ని, 3,550 మెట్లను ఎంత వేగంగా ముగించారన్నదే ఆనాటి లెక్క. వార్ధక్యంలో మాటిమాటికీ ఆగవలసి వస్తుంది. ఆగినవారికి చెట్టూ చేమా, రాయీ రప్పా విడివిడిగా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి బస్సులో దాటిపోయిన కనుమదారి పక్కనే, అతిప్రాచీనమైన గ్రానైటు శిలపై కోట్లాది సంవత్సరాల అనంతరం పేరుకొన్న అవక్షేపశిల దర్శనమిస్తుంది. ఆ రెండింటి నడుమనున్న సన్నని గీతలో ఊహకందని కాలం ఇమిడి ఉంది.

ఈ కొండలు పుణ్యక్షేత్రానికి నెలవు మాత్రమే కావు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనానికి ఇవి పుట్టినిల్లు. రాతి పగుళ్లలో బంగారు బల్లి, చెట్ల కొమ్మలలో దేవాంగపిల్లి నివసిస్తాయి. రెండూ రాత్రివేళ సంచరించే జీవులే. ఇక్కడ 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానం ఏర్పడింది. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు.

కొండను ఎరగడమంటే తన హద్దును ఎరగడం కూడా. ఫాల్గుణ పౌర్ణమినాడు తుంబురు తీర్థానికి అడవిదారిన యాత్ర సాగుతుంది. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు రావద్దని దేవస్థానం సూచిస్తూ ఉంటుంది. ఆ మాట మన్నించి ఆగిపోయిన వృద్ధుడు ఓడిపోయినవాడు కాడు. ఎక్కడం కంటె దిగడమే మోకాళ్లకు ఎక్కువ భారం. వయసు పైబడిన కొద్దీ దప్పిక అంతగా తెలియదు కనుక, దాహం వేయకున్నా నీరు తాగుతుండాలి. అటవీశాఖ అనుమతి లేనిదే అడవి లోపలికి పోరాదు. ఒంటరిగా గాని, పొద్దుగూకిన తరువాత గాని నడవరాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక బాలిక బలైంది. మనిషి నడిచే దారి వన్యమృగం తిరిగే దారి కూడానని ఆ విషాదం చాటిచెప్పింది.

దొంగల గొడ్డలికి ఎర్రచందనం కూలినప్పుడు, ఆ చెట్టును ఎరిగినవారికే గుండె కలుక్కుమంటుంది. మనుమల చేయి పట్టుకొని, చెట్టు చెట్టుకూ ఆగి, పేరు చెప్పే పెద్దలు ఆ ఎరుకను తరువాతి తరానికి అందిస్తున్నారు. కాళ్లలో సత్తువ ఉన్న యువతరం వారి నిదానాన్ని కూడా అలవరచుకొంటే, పెద్దలు చేరలేకపోయిన కోనలను సైతం కాపాడగలుగుతుంది.