మన పిల్లల సైకిల్ దారి ఎవరు తీసేశారు?



తొమ్మిదో తరగతి పిల్లవాడు సైకిల్ మీద బడికి వెళ్తానంటే మనం చెప్పే మాట ఒకటే: "రోడ్డు మీద లారీలు చూశావా? వద్దు నాన్నా." ఏడాది తిరిగేసరికి, ట్యూషన్‌కు ఆలస్యమవుతోందని అదే పిల్లవాడి చేతికి స్కూటీ తాళం ఇస్తాం. భయం ఎక్కడికి పోయింది? ఈ నెల ఇంటి పాఠం ఈ ప్రశ్న మీదే. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

టొరంటోలో జరిగిన చర్చ

కెనడాలోని టొరంటో నగరంలో బ్లూర్, యంగ్, యూనివర్సిటీ అనే పెద్ద రోడ్ల మీద కార్లు రాకుండా సైకిళ్లకు విడిగా దారులు కట్టారు. వీటివల్లే ట్రాఫిక్ ఆగిపోతోందని కొందరు వాహనదారులు, వ్యాపారులు అన్నారు. 2024 నవంబరులో ఒంటారియో ప్రభుత్వం వాటిని తొలగించడానికి చట్టం చేసింది. నగర పాలక మండలి ఒప్పుకోలేదు. తీసేయడానికే 4.8 కోట్ల కెనడా డాలర్లు అవుతుందని నగర అధికారులు లెక్క చెప్పారు. సైకిల్ తొక్కేవారు కోర్టుకెక్కారు.

2025 జూలై 30న కోర్టు తీర్పు చెప్పింది. సైకిల్ దారి కట్టించుకోవడం రాజ్యాంగ హక్కు అని కోర్టు అనలేదు. కానీ ఉన్న దారిని తీసేస్తే మనుషులకు ప్రాణహాని పెరుగుతుందని తెలిసి కూడా, రద్దీ తగ్గుతుందన్న ఆధారం లేకుండా తీసేయడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ప్రభుత్వం ఆ తీర్పు మీద అప్పీలుకు వెళ్లింది.

మీ పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పండి: చర్చలో గొంతు పెద్దదా చిన్నదా అన్నది కాదు, ఆధారం ఉందా లేదా అన్నది ముఖ్యం.

"ఖాళీగానే ఉంది కదా!"

సైకిల్ దారి తీసేయాలనేవారు ఎక్కువగా చెప్పే మాట ఇది. కొన్నిచోట్ల అది నిజం కూడా. అయితే ఎందుకు ఖాళీగా ఉందో అడగాలి. మన ఊరికి నాలుగు కిలోమీటర్ల ముందే ఆగిపోయే బస్సును ఎవరు ఎక్కుతారు? సైకిల్ దారి కూడా అంతే. ఇంటి నుంచి మొదలై బడి దాకా, బజారు దాకా చేరాలి. హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. వ్యాయామానికి అది చక్కటి దారి. కానీ గల్లీలో ఉన్న పిల్లవాడు బడికి చేరాలంటే ఆ గల్లీ చివరి నుంచే దారి కావాలి.

మన దగ్గర చర్చే లేదు

"మన ఊళ్లలో అలాంటి దారి ఎక్కడుంది, తీసేయడానికి?" అని మీరు నవ్వుకోవచ్చు. ఒక్కసారి గమనించండి. రోడ్డుకు ఎడమ అంచున ఉండే ఆ మూడడుగుల జాగానే మన పిల్లల సైకిల్ దారి. సూర్యాపేట, కోదాడల్లో 65వ నంబరు జాతీయ రహదారి వైపు వెళ్లే వాహనాలు, మిర్యాలగూడలో రైస్ మిల్లుల లారీలు వచ్చినప్పుడు పిల్లవాడు ఒదిగేది అక్కడే. ఆ అంచున ఒకరు బైకు పెడతారు, ఒకరు దుకాణం సామాను పరుస్తారు, ఇంకొకరు ఇసుక పోస్తారు. పిల్లవాడు రోడ్డు మధ్యకు రాక తప్పదు.

టొరంటోలో దారి తీసేయడానికి చట్టం కావలసి వచ్చింది. మన దగ్గర ఏ తీర్మానమూ లేకుండానే రోజూ కొంత కొంత పోతోంది. సాయంత్రం బడి వదిలే వేళ గేటు ముందు రెండు వరుసల్లో ఆగే మన కార్లు కూడా అందులో భాగమే.

ఆక్రమణలు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వచ్చే హక్కేనని మన సుప్రీంకోర్టు 2025 మే 14న చెప్పింది. నడిచేవారికి ఆ హక్కు ఉన్నప్పుడు, సైకిల్ తొక్కే పిల్లవాడి గురించి కూడా మనం అడగవచ్చు.

స్కూటీ జవాబు కాదు

పదహారేళ్లు నిండనివారు మోటారు వాహనం నడపకూడదు. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వారు లైసెన్సుతో 50 సీసీ లోపు గేర్లు లేని బండి మాత్రమే నడపవచ్చు. ఇప్పుడు దొరికే పెట్రోలు స్కూటీలు చాలావరకు 100 సీసీ పైమాటే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లలకు పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. చట్టం సంగతి అలా ఉంచినా, లారీ పక్కన సైకిలే ప్రమాదమనుకుంటే, అదే లారీ పక్కన ఇంకా వేగంగా వెళ్లే స్కూటీ క్షేమం ఎలా అవుతుంది?

ఈ నెల ఇంటి పని

1. ఒక ఆదివారం పిల్లలతో కలిసి ఇంటి నుంచి బడి దాకా నడవండి. ఏయే చోట్ల రోడ్డు మధ్యకు రావలసి వచ్చిందో వారినే కాగితం మీద గీయమనండి.

2. రాత్రి భోజనాల తర్వాత చర్చ పెట్టండి. ఒకరు దుకాణదారు, ఒకరు ఆటో డ్రైవరు, ఒకరు సైకిల్ మీది విద్యార్థి, ఒకరు మున్సిపల్ చైర్‌పర్సన్. దుకాణదారుకూ బతుకుతెరువు ఉంది, అతని మాట కూడా పూర్తిగా విననివ్వండి. నియమం ఒక్కటే: ప్రతి మాటకూ ఆధారం చూపాలి.

3. ఆ పటాన్ని జతచేసి మున్సిపల్ కమిషనర్‌కు తెలుగులో ఒక అర్జీ రాయించండి. సంతకం మీది, అక్షరాలు వారివి.

4. రేపటి నుంచి కారును గేటుకు వంద అడుగులు ఇవతలే ఆపి, పిల్లల చేయి పట్టుకుని నడిపించండి.

మొదటి మూడు పనుల ఫలితం రావడానికి నెలలు పట్టవచ్చు. నాలుగోదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీరు వదిలిన ఆ వంద అడుగుల్లో రేపు ఎవరింటి పిల్లవాడో సైకిల్ మీద భయం లేకుండా వస్తాడు.