సీసాలో మనీప్లాంట్

మా హాస్టల్ రూమ్ కిటికీలో ఒక మనీప్లాంట్ ఉంది. పక్క బ్లాక్ నుంచి అడక్కుండా కొమ్మ తుంచి తెచ్చా (దొంగిలించి తెస్తేనే డబ్బులొస్తాయట, ఇంకా రాలేదు). ఖాళీ సీసాలో నీళ్ళు పోసి పెట్టి, రూమ్‌లో గాలి శుభ్రమవుతుందని రూమ్మేట్‌కి లెక్చర్ కూడా ఇచ్చాను.

ఆ మాట ఎక్కడిదా అని తర్వాత వెతికాను. 1989లో నాసా కోసం బిల్ వోల్వర్టన్ చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. మొక్కల్ని గాలి చొరబడని పెట్టెల్లో పెట్టి, బెంజీన్ లాంటివి వదిలి, ఎంత తగ్గాయో కొలిచారు. తగ్గాయి, నిజమే. కానీ మన రూమ్ మూసిన పెట్టె కాదు కదా! కిటికీల్లోంచి, తలుపు సందుల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీకి చెందిన కమ్మింగ్స్, వారింగ్ పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కేశారు. మామూలు భవనంలో గాలి మారడం వల్ల జరిగే పని మొక్కలే చెయ్యాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలట. మా రూమ్ సుమారు 11 మీటర్లు. అంటే కనీసం 110 కుండీలు. మేం ముగ్గురం వరండాలో పడుకోవాలి.

రాత్రి మొక్క ఉంటే ఊపిరాడదు అనేది కూడా ఉత్తిదే. ఒక కుండీ వదిలే కార్బన్ డయాక్సైడ్ పక్క మంచం మీద పడుకున్నవాడు వదిలేదాంట్లో చాలా చాలా తక్కువ.

అసలు సమస్య నీళ్ళు. ఆగస్టులో రూమ్మేట్‌కి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి, మిడ్ పరీక్షలు పోయాయి. వాడు ఇంటికెళ్ళాక సీసా వెలుతురులో పెట్టి చూస్తే లోపల సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. దోమ పిల్లలు. వాణ్ణి కుట్టింది ఆ సీసాలో పుట్టిన దోమేనా? చెప్పలేను. కాదని మాత్రం ధైర్యంగా అనలేను.

డెంగీ దోమ మురికి కాలువ కన్నా ఇలాంటి నిలవ నీటినే ఇష్టపడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. నీళ్ళు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచుకి కాస్త పైన, సీసా గోడకి అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతికి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అందుకే లోపల బ్రష్‌తో రుద్ది కడగాలి. కుండీ కింద ప్లేటు కూడా అంతే.

మరి పారేయొచ్చుగా అంటే, మనసొప్పలేదు. రాత్రి రెండింటికి కోడ్ రన్ కానప్పుడు స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పితే ఆ పచ్చదనం బాగుంటుంది. దీనికి ఏ ప్రయోగమూ అక్కర్లేదు నాకు.

ఇప్పుడది మట్టి కుండీలో ఉంది. శుక్రవారం ప్లేటు కడిగేది నేను. కడిగానో లేదో వేలు పెట్టి చూసేది రూమ్మేట్.