షుగరు పాదానికి సరైన పాదరక్ష



మన వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, పోటీ పరీక్షల గురించి, మహనీయుల జీవితాల గురించి వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి నేను కాలి చెప్పుల గురించి రాస్తున్నాను. "ఇదేం విషయం?" అని నవ్వుకోకండి. హాస్టళ్లలో చదివే మన తల్లిదండ్రులలో ఎక్కువమంది కాళ్ల మీద నిలబడి బతికేవాళ్లు. తాపీ పని, ఇళ్లలో పాచిపని, రోడ్లు ఊడ్చే పని, వాచ్‌మన్ డ్యూటీ, పొలం కూలి - ఏది తీసుకున్నా కాలు బాగుంటేనే కూలి. అటువంటి ఇంట్లో ఒకరికి షుగరు వచ్చి, కాలికి పుండు పడి, అది మానక వేలో పాదమో తీసెయ్యవలసి వస్తే ఇల్లు మొత్తం కుంటుపడుతుంది. పెద్దవాడి చదువు ఆగుతుంది. ఆ పుండ్లలో చాలా భాగం చెప్పు కరవడంతోనో, బూటు నొక్కడంతోనో మొదలవుతాయి. కనుక ఇది మన చదువుకు సంబంధించిన విషయమే.

భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు. ఇది ఒకప్పుడు అనుకున్నట్టు డబ్బున్నవాళ్ల జబ్బు కాదు. మన బస్తీల్లో, మన పల్లెల్లో ఉంది.

పాదంలో ఏం జరుగుతుంది?

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. శరీరంలో అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాలకు వెళ్లేవి కాబట్టి నష్టం అక్కడే ముందు కనబడుతుంది. ఇది మూడు రకాలుగా ఉంటుంది.

ఒకటి, స్పర్శ తగ్గుతుంది. మొదట తిమ్మిర్లు, మంటలు, దూది మీద నడిచినట్టు ఉండటం. తర్వాత నొప్పే తెలియదు. నడుస్తుండగా హవాయి చెప్పు జారిపోయినా తెలియలేదని ఇంట్లో పెద్దవాళ్లు అంటే దాన్ని మతిమరుపు అని కొట్టిపారేయకండి. అది నరాల దెబ్బకు గుర్తు కావచ్చు.

రెండు, పాదంలోని చిన్న కండరాలు బలహీనపడి వేళ్లు కొక్కేల్లా వంగుతాయి. అరికాలి ముందు భాగంలో ఎముకలు కిందికి పొడుచుకొస్తాయి. కొందరికి పాదం వాచి, వెడల్పై ఆకారమే మారుతుంది. పాత కొలత బూట్లు ఇక పట్టవు.

మూడు, చెమట పట్టడం తగ్గి చర్మం ఎండి పగులుతుంది. ఆ పగుళ్లలోంచి క్రిములు లోపలికి వెళ్తాయి.

వీటికి తోడు రక్తనాళాలు సన్నబడితే పాదానికి రక్తం సరిగా అందదు. అప్పుడు చిన్న గాయం కూడా మానదు.

వేలూరు నేర్పిన పాఠం

ఈ పాదాలకు చెప్పులు ఎలా ఉండాలో ప్రపంచానికి తెలిసింది చాలావరకు మన దక్షిణ భారతదేశంలోనే. అదీ షుగరు రోగుల వల్ల కాదు, కుష్ఠు రోగుల వల్ల. డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లిమలై కొండల్లో పుట్టిన ఆంగ్లేయుడు. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి సర్జన్‌గా వచ్చాడు. కుష్ఠు వస్తే మాంసం దానంతట అదే కుళ్లి వేళ్లు రాలిపోతాయని అప్పట్లో అందరూ నమ్మేవారు. ఆయన రోగులను దగ్గరగా గమనించి అది నిజం కాదని తేల్చాడు. వ్యాధి నరాలను చంపుతుంది, నొప్పి తెలియకుండా పోతుంది, నొప్పి లేనందున మనిషి గాయమైన కాలి మీదనే నడుస్తూ పోతాడు, పాదాన్ని పాడుచేసేది ఆ నడక. ఇదీ ఆయన చెప్పింది.

అందుకు విరుగుడుగా వేలూరులో రకరకాల పదార్థాలతో చెప్పులు చేయించి చూశారు. చివరికి నిలబడింది మైక్రో సెల్యులార్ రబ్బరు, అంటే ఎం.సి.ఆర్. సన్నటి గాలి బుడగలు నిండిన మెత్తని రబ్బరు అది. కాలి కింద నొక్కుకుని మళ్లీ లేస్తుంది. 1966లో బ్రాండ్ అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక ఇదే పాఠాన్ని షుగరు రోగుల పాదాలకు వర్తింపజేశాడు. రెండు జబ్బులకూ కారణాలు వేరు. ఒకటి సూక్ష్మజీవి వల్ల వచ్చేది, మరొకటి చక్కెర వల్ల వచ్చేది. కాని మొద్దుబారిన పాదం రెండిట్లోనూ ఒకటే.

మన నగరానికీ ఈ చరిత్రతో సంబంధం ఉంది. రాణీ కుముదినీ దేవి 1958లో కూకట్‌పల్లిలో కుష్ఠు బాధితుల కోసం శివానంద పునరావాస కేంద్రాన్ని నెలకొల్పారు. సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసే లెప్రా సంస్థ స్పర్శ లేని పాదాలకు ఎం.సి.ఆర్. పాదరక్షలు చేయించి ఇస్తూ వచ్చింది.

ఒత్తిడి లెక్క

తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం గుర్తు చేసుకోండి. ఒత్తిడి అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. 60 కిలోల మనిషి బరువు దాదాపు 600 న్యూటన్లు. ఒంటి కాలి మీద ఉన్నప్పుడు ఆ బరువు 100 చదరపు సెంటీమీటర్ల అరికాలంతా పరచుకుంటే ఒక్కో చదరపు సెంటీమీటరుకు 6 న్యూటన్లు. అదే బరువు పొడుచుకొచ్చిన ఎముక దగ్గర 10 చదరపు సెంటీమీటర్ల మీదనే పడితే 60 న్యూటన్లు. బరువు మారలేదు, ఒత్తిడి పది రెట్లు అయింది. మెత్తని అడుగు చేసే పని బరువును అరికాలంతటా పంచడమే.

పాదానికి దెబ్బ తగిలే తీరు మూడు రకాలని బ్రాండ్ వివరించాడు. మేకు గుచ్చుకున్నట్టు ఒక్కసారి తగిలే పెద్ద ఒత్తిడి ఒకటి. నడకలో ఒకే చోట వేలసార్లు పడే మధ్యరకం ఒత్తిడి రెండోది. బిగుతు బూటు గంటల తరబడి నొక్కే చిన్న ఒత్తిడి మూడోది. ఈ మూడోది చూడటానికి చిన్నదే, కాని వెడల్పు పాదాలకు అదే పెద్ద శత్రువు. నొక్కుకున్న చోట రక్తం ఆడదు. స్పర్శ ఉన్నవాడు అరగంటలో బూటు విప్పి వేళ్లు కదిలించుకుంటాడు. స్పర్శ లేనివాడు డ్యూటీ దిగేదాకా విప్పడు.

మా నాన్న రాత్రి కాపలా పని చేసేవాడు. యూనిఫారంతో పాటు ఇచ్చిన నల్లబూట్లు ముందు వైపు కోసుగా ఉండేవి. నాన్న పాదం వెడల్పు. "కొత్త బూట్లు, నాలుగు రోజులు పోతే అవే సాగుతయి బిడ్డా" అనేవాడు. నొప్పి లేదు కాబట్టి నాన్నకు అనుమానం రాలేదు. చిటికెన వేలి పక్కన పుండు పడింది. సాక్సుకు అంటిన రసి మరక అమ్మ బట్టలు ఉతికేటప్పుడు చూసింది. ఆసుపత్రిలో ఆ వేలు తీసేశారు. పాదం దక్కింది. నాలుగు నెలలు కూలి పోయింది.

ఇంట్లోనే చేయగల పరీక్ష

ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు 2011లో ప్రకటించిన ఒక పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీరే చేయవచ్చు.

అమ్మనో నాన్ననో పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. రెండు పాదాలకూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు - మొత్తం ఆరు వేళ్ల కొసలను మీ చూపుడువేలితో ఒక్కోటి ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకండి. నొక్కవద్దు, గీరవద్దు, తాకిన చోట రెండోసారి తాకవద్దు. తాకినప్పుడు "కుడి", "ఎడమ" అని చెప్పమనండి. ఆరింటిలో రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. వెంటనే డాక్టరుకు చూపించాలి. అక్కడ సన్నని నైలాను తీగతోను, శబ్దదండంతోను పరీక్షిస్తారు. పాదంలో నాడి అందుతుందో లేదో కూడా చూస్తారు.

కొలత తీసుకునే పద్ధతి

మనం అంగడికి వెళ్లి "ఎనిమిదో నంబరు ఇవ్వండి" అంటాం. ఆ నంబరు పొడవుకే. వెడల్పు సంగతి అది చెప్పదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో 2021-22లో దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా పాదాలు కొలిచారు. మనవాళ్ల పాదాలు సాధారణంగా యూరపు, అమెరికా వాళ్ల పాదాల కన్నా వెడల్పు అని తేలింది. మనం ఇంతకాలం వాడుతున్నవి వాళ్ల కొలతలు. బూటు పట్టకపోవడానికి తప్పు మన కాలిది కాదన్నమాట.

వెడల్పు చాలక పెద్ద నంబరు కొనుక్కోవడం చాలామంది చేసే పని. అప్పుడు మడమ జారుతుంది, బూటు వంగే చోటు, పాదం వంగే చోటు కలవవు. రాపిడికి బొబ్బలు వస్తాయి. కాబట్టి ఇలా చేయండి.

1. సాయంత్రం పూట కొలవండి. పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది.
2. నేల మీద కాగితం పరచి, దాని మీద నిలబడమని, పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీయండి. రెండు పాదాలకూ గీయండి. రెండూ సమానంగా ఉండవు. పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి.
3. గీత వెంట కాగితం కత్తిరించి అంగడికి తీసుకుపోండి. బూటు లోపల పరచండి. అంచులు మడతపడితే ఆ బూటు ఇరుకు. పెట్టెయ్యండి.
4. నిలబడినప్పుడు అన్నిటికన్నా పొడవైన వేలికి ముందు ఒకటి రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. అది అందరికీ బొటనవేలే కానక్కరలేదు.

కొనేటప్పుడు చూడవలసినవి

- ముందు భాగం గుండ్రంగా, వెడల్పుగా, వేళ్లు వంగి ఉంటే వాటికి తగలనంత ఎత్తుగా ఉండాలి.
- లోపల చేయి పెట్టి తడమండి. గట్టి కుట్లు, మడతలు, మేకుల మొనలు తగలకూడదు.
- అడుగున రెండు పొరలు ఉండాలి. పాదానికి తగిలేది మెత్తగా, నేలకు తగిలేది గట్టిగా. మెత్తనిదొక్కటే ఉంటే ముల్లు దిగుతుంది, గట్టిదొక్కటే ఉంటే ఎముక నలుగుతుంది.
- బొటనవేలు దూర్చే ఉంగటం ఉన్న చెప్పులు, హవాయి చెప్పులు పనికిరావు. వేలి సందులో రాపిడి ఒకటి, జారకుండా వేళ్లతో పట్టుకుని నడవవలసి రావడం ఒకటి.
- మడమ వెనుక పట్టీ ఉండాలి. పైన లేసు గాని, అంటించే పట్టీ గాని ఉంటే వాపును బట్టి వదులు చేసుకోవచ్చు.
- "షుగరు చెప్పులు" అని పెట్టె మీద రాసినంత మాత్రాన నమ్మవద్దు. పైవన్నీ మీరే చూడండి.

చెన్నైలోని ఒక మధుమేహ ఆసుపత్రి వైద్యులు, ఇదివరకే పుండు పడి మానిన రోగులు రెండు వందల మందికి పైగా తొమ్మిది నెలలు గమనించి 2004లో ఫలితాలు ప్రచురించారు. మెత్తని అడుగున్న ప్రత్యేక పాదరక్షలు వేసుకున్నవారికి కొత్త పుండ్లు చాలా తక్కువ. మామూలు గట్టి చెప్పులు వేసుకున్నవారికి చాలా ఎక్కువ.

చెప్పులు కుట్టే చేతుల విలువ

మనలో కొందరి తాతలు తోలు పని చేసినవాళ్లు. కిర్రు చెప్పులు కుట్టి ఊరందరికీ తొడిగి, తాము మాత్రం ఊరి వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడవవలసి వచ్చిన కాలం ఉంది. ఆ పనిని చిన్నచూపు చూసే మాటలు ఈనాటికీ వింటున్నాం. కాని ఆలోచించండి. ఎదురుగా కూర్చున్న మనిషి పాదం చూసి, కొలిచి, ఆ పాదానికే కుట్టడం - ఈ రోజు ఆసుపత్రులు కోరుతున్నది సరిగ్గా ఈ విద్యనే. వేలూరులో డాక్టరు తెలివి ఒక్కటే సరిపోలేదు, ఆరె పట్టిన చేతులూ కావలసి వచ్చాయి.

ఖరీదైన బూట్లు కొనలేనివారు కాలిబాట మీద కూర్చునే చెప్పుల పనివారిని అడగవచ్చు. డాక్టరు సలహా తీసుకుని, ఎం.సి.ఆర్. షీటు తెచ్చి ఇస్తే వెడల్పు పట్టీలు రెండు ముందు, ఒకటి మడమకు పెట్టి చెప్పు చేసి ఇవ్వగలరు. ఒక్క షరతు గట్టిగా చెప్పండి: మేకు ఒక్కటీ కొట్టకూడదు, అంతా అంటించి కుట్టాలి. మనలో ఎవరికైనా ఈ పని మీద ఆసక్తి ఉంటే పాదరక్షల తయారీలో శిక్షణ కోర్సులు ఉన్నాయి. సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

తొడుక్కున్నాక

కొత్తవాటిని మొదటి రోజే ఎనిమిది గంటలు వేసుకోకూడదు. గంటతో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచాలి. విప్పగానే పాదం చూసుకోవాలి. ఎర్రబారిన చోటు ఉంటే అక్కడ నొక్కుతున్నట్టు. వేసుకునే ముందు ప్రతిసారీ దులిపి లోపల చేత్తో తడమాలి. తెల్లని నూలు సాక్సులు వేసుకుంటే రసి, నెత్తురు వెంటనే కనిపిస్తాయి. రోజూ రాత్రి అరికాలు, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగలేనివారు కింద అద్దం పెట్టుకోవచ్చు. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవద్దు, కార్న్ క్యాప్ అంటించవద్దు. నూనె రాయండి, కాని వేళ్ల సందుల్లో వద్దు. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగవద్దు. గుడికి, దర్గాకు వెళ్లేటప్పుడు ఎండ ముదరక ముందే వెళ్లండి. మధ్యాహ్నం కాలిన బండల మీద మొద్దుబారిన పాదాలు బొబ్బలెక్కినా తెలియదు.

ఒక హెచ్చరిక. పుండు పడ్డాక చెప్పు మార్చినంత మాత్రాన మానదు. ఆ కాలి మీద బరువు పడకుండా చూస్తూ ఆసుపత్రికి పోవాలి. నొప్పి లేకుండా పాదం వేడిగా, ఎర్రగా వాచినా ఆ రోజే పోవాలి. ఎముకలు విరిగి ఉండవచ్చు.

మన దోమలగూడ చుట్టుపక్కల సౌకర్యాలకు కొదవ లేదు. ఇక్కడే రామకృష్ణ మఠంలో వివేకానంద హెల్త్ సెంటర్ ఉంది. 2018 నుంచి మొదలైన బస్తీ దవాఖానాల్లో షుగరు పరీక్ష ఉచితం. పెద్ద వైద్యానికి ముషీరాబాదులో గాంధీ ఆసుపత్రి, అవతల ఉస్మానియా ఉన్నాయి. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు తోడుగా వచ్చి చూపించవలసినది చదువుకున్న మనమే.

మిత్రులారా! ఈ సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిలు సంచిలో పెట్టుకోండి. మనల్ని చదివించడానికి అరిగిన పాదాలు అవి. వాటి కొలత మనకు తెలిసి ఉండాలి.